నీళ్ల లెక్కలు జనానికెందుకండీ?

ఈ మధ్య కొందరికి కొత్త పిచ్చి పట్టుకుంది. తాగే నీళ్లలో ఏముందో, భూగర్భ జలం ఎంత లోతుకు పోయిందో ప్రభుత్వం కొలిచిన లెక్కలన్నీ బయట పెట్టాలట. నీళ్లిస్తే చాలదూ, లెక్కలు కూడా కావాలా? కొలిచారు, రిజిస్టర్లో రాశారు, బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ కొలతకు పన్ను కట్టింది మీరే, ఆ నీళ్లు తాగేదీ మీరే, కాదనను, అంతమాత్రాన ఆ రిజిస్టర్ తెరిచే హక్కు కూడా మాదే అంటే ఎలాగండీ?

అసలు దాచారనడమే అన్యాయం. పోర్టల్ ఉంది. అందులో పీడీఎఫ్ ఉంది. కాస్త పక్కకు ఒరిగిన స్కాన్, మధ్యలో రబ్బరు స్టాంపు, స్టాంపు కింద మీ బోరు తాలూకు అంకె. 'నీటి మట్టం 14.2' అని ఉంటుంది. మీటర్లా, అడుగులా అని అడక్కండి. నేల నుంచి కిందికా, సముద్ర మట్టం నుంచి పైకా అని అసలే అడక్కండి. నేల నుంచి కొలిస్తే అంకె పెరిగేకొద్దీ నీళ్లు అడుక్కి పోయినట్టు, సముద్ర మట్టం నుంచి కొలిస్తే పైకొచ్చినట్టు. ఒకే పేజీ చూసి రైతు తల పట్టుకోవచ్చు, మంత్రిగారు శాలువా కప్పించుకోవచ్చు. అందరినీ సంతృప్తి పరిచే పత్రం ఇంతకంటే ఏముంటుంది?

ఇక సగటు అనే విద్య ఉంది చూశారూ, దానికి చేతులెత్తి దండం పెట్టాలి. మూడు పరిశీలక బావులున్నాయనుకోండి, నీళ్లు 10, 12, 38 మీటర్ల లోతులో. సగటు 20. మరుసటి ఏడాది మొదటి రెండూ 11కీ 13కీ దిగాయి, మూడోది పూర్తిగా ఎండిపోయింది. ఎండిన బావిలో కొలవడానికి ఏముంటుంది, గడి ఖాళీగా వదిలేశారు. మిగిలిన రెంటి సగటు 12. ఒక్క బావిలోనూ చుక్క పెరగలేదు, అయినా జిల్లాలో భూగర్భ జలం 8 మీటర్లు పైకొచ్చింది! వాన పడక్కర్లేదు, చెరువు తవ్వక్కర్లేదు, ఇంకో నాలుగు బావులు ఎండితే చాలు, కాగితం మీద వరదే. ఫ్లోరైడ్‌కూ ఇదే వైద్యం. నాలుగు బోర్లలో లీటరుకు 0.4, 0.5, 0.6, 4.1 మిల్లీగ్రాములు వచ్చాయనుకోండి. సగటు 1.4, ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత 1.5, పాస్. నాలుగో బోరు తాగేవాళ్ల పళ్లూ ఎముకలూ సగటును గౌరవించకపోతే అది వాళ్ల క్రమశిక్షణ లోపం.

'ముడి అంకెలు చూపిస్తే జనం భయపడతారు' అంటారు అధికారులు. ఎంత దయ! ఎరువుల్లోంచి, మురుగులోంచి నీళ్లలోకి దిగి పసిపిల్లలకు హాని చేసే నైట్రేట్‌కు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. లెక్క కూడా లేకుండా చేస్తే నాలుగూ సరిపోతాయి. చెప్పారే అనుకోండి, పసిబిడ్డ తల్లి ఏం చేస్తుంది? పాపం, బాగా మరగబెడుతుంది. మరిగిస్తే ఆవిరయ్యేది నీరు, నైట్రేట్ కాదు, మిగిలిన నీళ్లలో అది ఇంకా చిక్కబడుతుంది. ఆ ముక్క కూడా చెప్పాలంటే మళ్లీ ఇంకో నోటీసు, ఇంకో సంతకం. ఎందుకొచ్చిన గొడవ.

జనం చేతికి అంకెలు దొరికితే ఏమవుతుందో అమెరికాలోని ఫ్లింట్ చూసి నేర్చుకోవాలి. 2014లో ఆ నగరం నీటి వనరు మార్చింది, పాత పైపుల్లోంచి సీసం నీళ్లలోకి దిగింది. 2015 రిపోర్టుకు 71 శాంపిల్స్ ఉంటే అధికారులు సీసం ఎక్కువున్న రెంటిని శ్రద్ధగా పక్కన పెట్టారు, దాంతో లెక్క గీత కిందికి వచ్చేసింది. ఎంత చక్కటి పని! అంతలో ఆచార్యుడు మార్క్ ఎడ్వర్డ్స్ బృందం ఇంటింటికీ సీసాలు పంపి నీళ్లు పట్టించింది, సమాచార చట్టం కింద ప్రభుత్వ ఈమెయిల్స్ బయటికి లాగింది. అదే ఏడాది అక్టోబరులో నగరం పాత నీటికి తిరిగి వెళ్లాల్సి వచ్చింది. ప్రశాంతంగా సాగుతున్న వ్యవహారం మొత్తం పాడైపోయింది.

ఆకాశం కూడా మన పక్షాన లేదు. 2002లో ఎగిరిన గ్రేస్ అనే జంట ఉపగ్రహాలు భూమి ఆకర్షణలో తేడాను బట్టి ఎక్కడ భూగర్భ జలం తగ్గుతోందో పసిగట్టేశాయి, ఆ డేటా ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. వందల కిలోమీటర్ల పైనుంచి తీసిన లెక్క బజార్లో ఉంటుంది, బావి గట్టు మీద నిలబడి టేపు వేసి తీసిన లెక్క మాత్రం రహస్యం. ఒక్కటే ఊరట, ఉపగ్రహానికి పెద్ద పెద్ద ప్రాంతాలే కనిపిస్తాయి, మీ బోరు కనిపించదు. ఆ సంగతి తెలిసింది బీరువాకే.

అన్నిటికంటే నన్ను టెన్షన్ పెట్టేది బంగ్లాదేశ్. అక్కడ సుమారు 50 లక్షల చేతిపంపులకు ఆర్సెనిక్ అనే విషం ఉందేమోనని పరీక్ష చేసి, ఎక్కువున్నవాటికి ఎరుపు, ఫర్వాలేదన్నవాటికి పచ్చ రంగు వేశారు. పంపు మీదే! లాగిన్ లేదు, ఓటీపీ లేదు, దరఖాస్తుకు ముప్పై రోజుల గడువు లేదు, 'మీరడిగిన సమాచారం వెబ్‌సైట్‌లో కలదు' అన్న జవాబు లేదు. అక్షరం ముక్క రాని ముసలమ్మ కూడా బిందె చంకనెత్తుకుని ఎర్ర పంపు దాటి పచ్చ పంపు దగ్గరికి పోవచ్చు. తర్వాత వేసిన పంపుల్లో చాలావాటికి ఏళ్ల తరబడి పరీక్షే జరగలేదు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈ అలవాటు ఎక్కడిదాకా పోయేదో.

అందుకే సంబంధిత శాఖలవారికి నా మనవి. పోర్టల్‌కు కొత్త డిజైన్ కావాలన్నా, డ్యాష్‌బోర్డు కావాలన్నా, దాని ప్రారంభోత్సవానికి షామియానా కావాలన్నా ఎంతైనా ఖర్చు పెట్టండి, ఎవరూ అడగరు. బిల్లుల్లో రెండు డబ్బాల రంగు, ఒక బ్రష్షు కనిపిస్తే మాత్రం ఆడిటర్లు వెంటనే సంజాయిషీ అడగాలి.