ఆకుపచ్చ టోపీ

దేశంలోకెల్లా పెద్దదైన నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలోనూ, కృష్ణ ఆవలి ఒడ్డున ఉన్న అమ్రాబాద్‌లోనూ పర్యాటకం స్థానికుల భాగస్వామ్యంతోనే సాగాలన్న విషయంలో పెద్దలెవరికీ భిన్నాభిప్రాయం లేదు. ఆ భాగస్వామ్యం ఎంతటిదో తేల్చడానికి నా దగ్గర ఒక కొలమానం ఉంది: ఈ అడవుల్లోని ఆదివాసులైన చెంచుల తలమీద పెట్టే ఆకుపచ్చ టోపీ. టోపీ పెట్టడం అన్న మాటకు తెలుగులో ఉన్న రెండో అర్థం ఈ పథకాలు రాసినవారికి తెలియదనే అనుకుందాం.

టోపీలు పంచే సభ ఏ పెంటలోనూ, అంటే ఏ చెంచుగూడెంలోనూ, జరగదు. అతిథిగృహంలోని ఏసీ హాల్లో జరుగుతుంది. చెంచులది చివరి వరుస. నగరం నుంచి వచ్చిన కన్సల్టెంటు తెరమీద బొమ్మలు చూపిస్తూ ఎలుగుబంటి ఎదురైతే ఏం చేయాలో వివరిస్తాడు. భుజంమీద ఎలుగు గోళ్ల మచ్చలున్న ముసలాయన ఎంతో మర్యాదగా తల ఊపుతూ వింటాడు. ప్లాస్టిక్ వల్ల అడవికి కలిగే చేటు గురించి అరగంట ప్రసంగించిన పెద్దమనిషి, గొంతు ఎండిపోయి రెండు సీసాల నీళ్లు తాగి, ఖాళీ సీసాలను కుర్చీ కింద వదిలి వెళతాడు. తరవాత హాజరు పట్టీ వస్తుంది. సంతకం రానివారు వేలిముద్ర వేస్తారు. సాయంత్రానికి ఆ హాజరే ఆమోదంగా మారి, స్థానికులు ఏకగ్రీవంగా అంగీకరించినట్టు నివేదికకు ఎక్కుతుంది. చివరగా టోపీలు, ఫొటో. ముసలాయన టోపీ కళ్లమీదికి జారుతుంది. సర్దుకోబోతే ఫొటోగ్రాఫరు వారిస్తాడు, టోపీ మీది అక్షరాలు కనబడాలి కదా.

కేరళలోని పెరియార్‌లో ఒకప్పుడు దొంగచాటుగా అడవి దాల్చినచెక్క ఒలుచుకున్నవారే కమిటీగా ఏర్పడి పర్యాటకులను అడవిలో తిప్పుతున్నారు, అడవికి కాపలా కాస్తున్నారు. అంతదూరం చూసివచ్చిన మనవాళ్లకు అక్కడ టోపీ ఒక్కటే నచ్చినట్టుంది.

2006 నాటి అటవీ హక్కుల చట్టం సామూహిక అటవీ వనరుల్లోకి ఎవరు రావచ్చో నిర్ణయించే అధికారాన్ని, అడవికీ వన్యప్రాణులకూ చేటుచేసే పనిని ఆపించే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. గ్రామసభ రాతపూర్వకంగా ఒప్పుకోనిదే ఎవరినీ పులి పేరుతో కదిలించకూడదని కూడా చెప్పింది. రోజుకు ఎన్ని జీపులు తిరగాలి, గేటు ఎప్పుడు మూయాలి, టికెట్ డబ్బు ఎవరికి చేరాలి అని ఏ పెంటను కూర్చోబెట్టి అడిగారు? తేనెకు పోయే చెంచు నడిస్తే పులికి ఇబ్బంది, అదే బాటలో కెమెరాలేసుకుని జీపు పోతే ప్రకృతి విద్యా? నరసింహస్వామిని అల్లుణ్ణి చేసుకున్న జాతిని వాళ్ల అడవిలోనే దినకూలీలను చేసి, దానికి భాగస్వామ్యమని పేరు పెట్టడానికి నోరెలా వచ్చింది?

టోపీ సంగతి మిగిలిపోయింది. ముసలాయన వేసవిలో దాని నిండా మొర్రిపండ్లు ఏరుకుని వస్తుంటే గేటు దగ్గర ఆపారట. టోపీ ప్రభుత్వానిది కనుక అప్పగించమన్నారు, పండ్లు అడవివి కనుక అక్కడే పోయమన్నారు.