గోల్ఫ్ రూళ్లు మన పర్లాకిమిడిని చూసే రాశారు

ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో ఒక కాలేజీ ఈ సీజనుకు గోల్ఫ్ టీమును దింపుతోందంటే కొందరు నవ్వుతున్నారు. ల్యాబులో బీకర్లు లేవు, లైబ్రరీకి తాళం, పి.ఇ.టి. పోస్టు ఖాళీ, ఇప్పుడు గోల్ఫేమిటని వాళ్ల గోల. వీళ్లెవరూ రూలు పుస్తకం తిరగేసిన పాపాన పోలేదు. తిరగేస్తే అది మన ఊరి కోసమే రాశారని తెలిసేది.

మైదానంలో పశువులున్నాయంటారు. ఉండనివ్వండి. కొట్టిన బంతి ఆవుకు తగిలి పక్కకు పోతే జరిమానా లేదు, ఆగినచోటి నుంచే ఆట. పేడను రూళ్లలో ఎండుటాకులు, పుల్లల పద్దులోనే వేశారు, తీసి పారేయొచ్చు. తీస్తుండగా బంతి కదిలితే మాత్రం ఒక స్ట్రోకు, అంటే లెక్కలో ఒక దెబ్బ అదనంగా, పడుతుంది. కాబట్టి కుర్రాళ్లకు పేడ ఎత్తడంలో విడిగా తర్ఫీదు ఇవ్వాలి. భోగి పిడకల రోజుల్లో ఆ బెడదా ఉండదు, కోర్సు, అంటే ఆడే మైదానం, దానంతటదే శుభ్రపడుతుంది. ఆగి ఉన్న బంతిని కోతి ఎత్తుకుపోతే అదే చోట ఇంకోటి పెట్టుకోవచ్చు. అయితే కోతి పనే అని 95 శాతం నమ్మకం ఉండాలి. మిగతా 5 శాతం క్రికెట్ పిల్లల ఖాతా.

జీడితోటలో పడిన బంతిని వెతకడానికి 2019 నుంచి 3 నిమిషాలే గడువు. ఆకుల కింద 42.67 మి.మీ. బంతి దొరకడానికి అది చాలదు; అందుకే అనుమానం రాగానే ‘ప్రొవిజనల్’ (తాత్కాలిక బంతి) అని పైకి చెప్పి రెండో బంతి కొట్టుకోవాలి. చెప్పకుండా కొడితే మొదటిది పోయినట్టే లెక్క. బంతి దగ్గర ఎలుగుబంటి ఉంటే? ప్రమాదకర జంతువుల రూలులో పాములు, తేనెటీగలతో పాటు ఎలుగుబంట్లనూ పేరు పెట్టి రాశారు. జరిమానా లేకుండా బంతిని దూరంగా డ్రాప్ చేసి (చేత్తో జారవిడిచి) అక్కడినుంచి ఆడొచ్చు. జీడిపళ్ల కాలంలో ఇంతకన్నా ఏం కావాలి?

మహేంద్రతనయలో నీళ్లెక్కడివని అడుగుతారు. నది అన్నాక నీళ్లున్నా లేకపోయినా పెనాల్టీ ఏరియాయే (బంతి పడితే జరిమానా కట్టి బయటికి తెచ్చుకోగల చోటు) అని రూలు. ఎర్ర కర్రలు పాతితే చాలు. ఒక్క జాగ్రత్త: ఆ ఇసుక బంకర్ (కోర్సులో కావాలని పెట్టే ఇసుక గుంట) కింద లెక్క కాదు, కొట్టే ముందు క్లబ్బు (బంతి కొట్టే కర్ర) నేలకు ఆనించవచ్చు. ఇక్కడ ఆనించడం అలవాటైనవాడు అసలు బంకర్లో బంతి వెనక ఆనించి రెండు స్ట్రోకులు పోగొట్టుకుంటాడు.

హద్దుల తగవూ లేదు. హద్దు చూపే తెల్ల కర్రలు ఎక్కడ పాతాలో 1936లో ఒడిశాను విడిగా ఏర్పాటు చేసినప్పుడే ఢిల్లీ, లండన్ తేల్చేశాయి. బంతి హద్దు దాటి ఆంధ్రాలోని పాతపట్నం వైపు పోతే ఒక స్ట్రోకు కలుపుకొని మళ్లీ పాతచోటి నుంచి కొట్టాలి. బంతి ఒడిశాలో ఉండి మనిషి ఆంధ్రాలో నిలబడి కొడితే మాత్రం తప్పులేదు. మనవాళ్లు రేషను కార్డుల దగ్గర ఎప్పటినుంచో చేస్తున్నదే.

ఇక గ్రీన్లు, అంటే గోతి చుట్టూ ఉండే నున్నటి గడ్డి మడులు. మనదేశంలో చాలా కోర్సుల్లో పరిచేది మన గరిక జాతే, కాకపోతే గ్రీను మీద 3, 4 మిల్లీమీటర్లకు రోజూ కత్తిరించాలి. మన గరిక మేకలకూ వినాయకుడికీ పోగా మిగలదు కనుక చిన్న కోర్సులవాళ్లు గడ్డి బదులు ఇసుకతో చేసే ‘బ్రౌనే’ గతి. నేల చదును చేసి దిమ్మిస కొట్టాలి. జల్లించిన ఏటి ఇసుకను గ్యారేజీలో పారబోసే కాలిన ఇంజిన్ ఆయిలుతో కలిపి అంగుళం మందాన పరవాలి. పిడికిట పడితే ముద్ద కట్టాలి, వేలితో తడితే విడిపోవాలి. ఆయిలు ఎక్కువైతే ఇసుక బంతికి అంటుకొని సగం దారిలో ఆగుతుంది; తక్కువైతే గాలికి లేస్తుంది, అడుగుజాడల్లో పడి బంతి దారి తప్పుతుంది. ప్రతి జట్టూ ఆడాక గోనె ఈడ్చి సాపు చేయాలి. గట్టి వానలు పడితే ఆయిలు కొట్టుకుపోయి బావుల దారి పడుతుంది. ఆ నీటి పరీక్ష సైన్సు డిపార్టుమెంటు చేస్తుంది, బీకర్లు వచ్చాక.

బంతి పడాల్సిన గోతి వెడల్పు 108 మి.మీ., లోతు కనీసం 101.6. లోపల పెట్టే డబ్బా బయటి వెడల్పు 108 దాటకూడదు, నేలకు 25.4 మి.మీ. దిగువన ఉండాలి. కొట్లో దొరికే నాలుగంగుళాల పీవీసీ గొట్టం బయటికి 110. రెండు మిల్లీమీటర్లకేముందని బిల్లు పాసు చేయకండి.

సీజను నవంబరు దాటాకే పెట్టుకోవాలి. అక్టోబరు తుపాన్లది, 2018లో తిత్లీ ఈ జిల్లాను ఏం చేసిందో తెలిసిందే. కోతలయ్యాక పొలాలు ఖాళీ అని ఆశపడకండి, వరి నిలిచి ఉండగానే మినుములూ పెసలూ చల్లేస్తారు. మొలక మీద ఐరన్ (ఇనుప తల క్లబ్బు) షాటు కొడితే రైతు ఏ రూలూ చూడడు.

చివరగా సామాను. ఆటగాడికి 14 క్లబ్బులు దాటకూడదన్నారు గానీ ఇన్ని ఉండి తీరాలనలేదు. ఆట మధ్యలో పక్కవాడివి అరువడగకూడదు. ఉన్నది ఒకే సెట్టు, ఆడేది అయిదుగురు: నలుగురికి మూడేసి, అయిదోవాడికి రెండు. అమెరికా కాలేజీల పద్ధతిలో అయిదుగురు ఆడితే మంచి స్కోర్లు నాలుగే లెక్క కనుక ఆ అయిదో చోటు ప్రెసిడెంటుగారి బామ్మర్ది కొడుక్కి పోయింది. ఫొటోలో బాగుంటుందని డ్రైవర్ (దూరం కొట్టే పెద్ద క్లబ్బు), ఇంట్లోవాళ్లు పట్టుబట్టారని పట్టర్ అతనికే ఇచ్చారు. గ్రీను మీద బంతిని మెల్లగా నెట్టే పట్టర్ సెట్టులో అదొక్కటే. మిగతా నలుగురూ గ్రీను మీద ఐరన్‌తోనే నెట్టుకోవాలి, రూళ్లు అందుకూ ఒప్పుకుంటాయి.