వెనుక గోడకు మార్కులు వేయకండి

నిరుడు ఒక ఉద్యోగానికి ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూలు చేసిన బృందంలో నేనూ ఉన్నాను. ఒక అమ్మాయి ప్రతి ప్రశ్నకూ తడుముకోకుండా జవాబు చెప్పింది. ఆమె వెనుక దండెం మీద ఆరేసిన బట్టలు, గోడ వారగా బియ్యం బస్తా. మధ్యలో ఒకసారి ఇంట్లోవాళ్లెవరో వంగి దాటి వెళ్లారు. అంతా అయ్యాక మా బృందంలో ఒకరు అన్నారు: "తెలివైనదే గానీ, పద్ధతి తక్కువలా ఉంది." ఆమె మాటలో గానీ, కూర్చున్న తీరులో గానీ నాకు ఏ లోటూ కనిపించలేదు. ఆ మార్కు పోయింది దండెం వల్ల.

బ్రిటన్‌లోని డర్హమ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో 'ప్లాస్ వన్' పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. 167 మందికి వీడియో కాల్‌లో ఉన్నట్టు కనిపించే ముఖాలు చూపి, ఎవరు నమ్మదగినవారో, ఎవరు సమర్థులో చెప్పమన్నారు. వెనుక పుస్తకాల అల్మరా, మొక్కలు ఉన్న ముఖాలకు ఎక్కువ మార్కులు పడ్డాయి. మామూలు ఇంటి గది ఉన్న ముఖాలు, మంచుగడ్డ మీద వాల్రస్ అనే సముద్ర జంతువు బొమ్మ ఉన్న ముఖాలతో పాటు అడుగున మిగిలాయి. అంటే ఇల్లు ఇల్లులా కనిపించడమే ఒక మచ్చ. 2011 జనగణన ప్రకారం మన దేశంలో సుమారు 37 శాతం కుటుంబాలు ఒకే గదిలో బతుకుతున్నాయి. వాళ్ల పిల్లలు ఆ మచ్చను ఎక్కడ దాచుకోవాలి?

వెనుక భాగాన్ని మసకబరిచే సౌకర్యం ఉండగా ఆ మాత్రం జాగ్రత్త తీసుకోనివారు పనిలో ఏం తీసుకుంటారని వాదించేవారున్నారు. తక్కువ ధర ఫోనులో ఆ సౌకర్యం వాడి చూడండి. చెవులు మాయమవుతాయి, జుట్టు సగం తెగుతుంది, మాట ఆగి ఆగి వస్తుంది. ఖాళీ గోడ ముందు కూర్చోవాలన్నా, మంచమూ బీరువా ఆనని గోడ ఒకటి ఇంట్లో ఉండాలి.

ఈ విషయంలో పాత ఫోటో స్టూడియోలే మనకన్నా న్యాయంగా నడిచాయి. నిజాం కాలపు ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ సికింద్రాబాదులో స్టూడియో నడిపిన రోజుల్లో నవాబులకు, దొరలకు దక్కిన హంగు తర్వాతి తరాల్లో తాలూకా కేంద్రాలకు దిగివచ్చింది. రంగులు వేసిన తెర మీద మేడమెట్లు, పూలతోట, నిండు చందమామ. గోడకు అద్దం, దువ్వెన, పౌడరు డబ్బా. కోటు లేనివారికి స్టూడియో కోటే ఇచ్చేవారు. కూలీ కొడుకూ, కరణం గారి కొడుకూ అదే తెర ముందు, అదే కుర్చీలో కూర్చున్నారు. చూసేవారికి మిగిలిన తేడా ముఖం ఒక్కటే. పాస్‌పోర్టు ఫోటోకు తెల్లని నేపథ్యం ఉండాలన్న నిబంధన కూడా అందరినీ అలాగే ఒకే గోడ ముందు నిలబెడుతుంది. ఉద్యోగాలిచ్చే సంస్థలు అలాంటి నిబంధన పెట్టుకోకపోవడానికి నాకు ఏ కారణమూ కనిపించదు. తొలి వడపోతలో కెమెరా ఆపేసి మాట మాత్రమే వినండి. ముఖం చూడవలసి వస్తే అందరికీ ఒకే నేపథ్యం పెట్టండి.

ఇక్కడే నేను ఎన్నాళ్లుగానో మొత్తుకుంటున్న మాట మళ్లీ చెప్పాలి. పుస్తకాల అల్మరా అంత మర్యాద తెచ్చేదైతే, అది ఊరందరికీ ఉమ్మడిగా ఉండాలి. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం వెలిసింది ఆ ఆలోచనతోనే. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఈనాటికీ కడుతున్నాం. స్థానిక సంస్థలు వసూలు చేసిన ఆ డబ్బు గ్రంథాలయాలకు సకాలంలో చేరడం లేదన్నది పాత ఫిర్యాదే. చేరితే, ప్రతి శాఖా గ్రంథాలయంలో ఒక చిన్న గది, బల్ల, మంచి దీపం, నిలకడైన ఇంటర్నెట్, వెనుక నిండుగా పుస్తకాలు అమర్చడం ఎంత పని? అలాంటి గది గంట సేపైనా ఖాళీగా ఉంటుందా అన్న సందేహం ఉన్నవారు హైదరాబాదులోని చిక్కడపల్లి గ్రంథాలయానికి వెళ్లి, లోపల చోటు చాలక ఆవరణలో కూర్చుని చదువుతున్న నిరుద్యోగులను అడగవచ్చు.