మందు డబ్బా గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ పురుగుమందు డబ్బా గారి దివ్య సముఖానికి,

అనంతపురం జిల్లా నార్పల పక్క పల్లె నుంచి నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. తమరూ మా దొడ్లో వేపకొమ్మకు వేలాడుతూ క్షేమమే. లోపలి మందు అరటితోటకు అయిపోయి రెండేళ్లయినా, తమరు పొద్దున్నే అందరి వెంట చెంబై వస్తూనే ఉన్నారు. ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి, బొక్కలు పొడిచి పూడ్చేయాలంట. మంచి డబ్బాకు ఎవరన్నా బొక్కలు పొడుస్తారా?

తమరి ఒంటిమీది త్రికోణం మాత్రం మాకు కంఠతా వచ్చు. ఎరుపు ఘోర విషం, తర్వాత పసుపు, నీలం, పచ్చ. మా అన్న ఎరుపే అడిగి తెస్తాడు. "పచ్చది కొడితే పురుగు నవ్వుతాదిరా" అంటాడు. వీపు మీది స్ప్రేయరుకు మూత పట్టదు. వంగినప్పుడల్లా మందునీళ్లు నడుం మీదుగా కారి, లుంగీ తొడలకు అతుక్కుంటుంది. ఆ లుంగీతోనే మధ్యాహ్నం సంగటికి కూర్చుంటాడు. ఉతికేది వదిన.

పెళ్లయి ఆరేళ్లు, పిల్లల్లేరు. లోపం ఎవరిదో మా ఇంట్లో మొదటేడే తేల్చేసినారు. కసాపురం ఆంజనేయస్వామి చుట్టూ ప్రదక్షిణలు, నాటుమందులు, మూడుచోట్ల స్కానింగులు, అన్నీ వదినకే. "మీసమున్నోనికి పరీక్షేందిరా" అనింది మా అమ్మ.

తమరి వంశచరిత్ర కొంచెం చదివినాను. డీబీసీపీ అని తమరి పెద్దాయన, వేర్లకు పట్టే నులిపురుగుల మందు. దీనికి ఎలుకల వృషణాలు కుంచించుకుపోతున్నాయని 1961లోనే అచ్చయింది. అయినా అమ్మినారు. కాలిఫోర్నియాలో ఆ మందు చేసే ఫ్యాక్టరీ మగవాళ్లు, మనలో ఎవరికీ పిల్లలు పుట్టట్లేదేందబ్బా అని వాళ్లలో వాళ్లే అనుకొని 1977లో పరీక్ష చేయించుకుంటే, కొందరికి వీర్యకణాలు ఒక్కటీ కనపడలేదు. మధ్య అమెరికా అరటితోటల కూలీలైతే వేలమంది కోర్టుకెక్కినారు. అరటితోటలంటే తమరి వంశానికి ముందునుంచీ మక్కువే.

తమరు డీబీసీపీ కాదు, ఒప్పుకుంటాను. మా అన్న సంగతిలో తమరి చెయ్యి ఉందని సాక్ష్యం చెప్పే శక్తి నాకు లేదు. కానీ అనంతపురంలో డాక్టరమ్మ వదిన ఫైలు మొత్తం తిరగేసి, "ఆయన రిపోర్టేదీ?" అనింది. పిల్లల్లేని జంటల్లో దాదాపు సగంమందికి మగాయన వైపు లోపమూ ఉంటుందంట. వీర్యకణం తయారయ్యేదానికే రెండున్నర నెలలు పడుతుంది, అన్నాళ్లు మందుకు దూరంగా ఉండి చూడమనింది. అన్న నేల చూపులు చూసినాడు.

నిన్న పరీక్షకు పిల్చుకపోయినాను. చేతికొక డబ్బా ఇచ్చినారు. తమరి చిటికెనవేలంత ఉంటుంది, మూత మాత్రం గట్టిది. మీద అన్న పేరు, వయసు. ఆరేళ్లలో ఆ పేరు ఆస్పత్రి చీటీకెక్కడం ఇదే మొదలు. బయటికొచ్చి బస్టాండు దాకా మాట్లాడలేదు. బస్సెక్కేముందు నా చెయ్యి పట్టుకొని, "ఊర్లో ఎవరికీ చెప్పాకు" అన్నాడు.

తమరికొక్కరికే చెప్తున్నా. వేపచెట్టుకు కూడా తెలియనీయొద్దు.

ఇట్లు,
తమరి చెంబు వాడకందారు