రెండు ముక్కల్లో సమానమయ్యేది బలం, స్ట్రెస్ కాదు

రెండు గోడల మధ్య బిగించిన స్టీలు, అల్యూమినియం అతుకు కడ్డీ వేడెక్కితే రెండిట్లోనూ స్ట్రెస్ (అంటే ఒక్కో చదరపు మి.మీ. మీద పడే బలం) ఒకటేనని ఒక వ్యాసంలో రాశారు. అది పొరపాటు. ఒకదాని చివర ఒకటి అతికినప్పుడు సమానంగా ఉండేది బలం. స్ట్రెస్ మధ్యచ్ఛేద వైశాల్యాన్ని (కడ్డీని అడ్డంగా కోస్తే కనిపించే ముఖం వైశాల్యాన్ని) బట్టి మారుతుంది.

చెరో 300 మి.మీ. పొడవు, మధ్యచ్ఛేద వైశాల్యం స్టీలుకి 400, అల్యూమినియంకి 800 చ.మి.మీ. అనుకోండి. వేడి 50 డిగ్రీల సెల్సియస్ పెరిగింది. వ్యాకోచ గుణకాలు (వేడికి ఎంత సాగుతుందో చెప్పేవి) వరసగా డిగ్రీకి పది లక్షల్లో 12, 23 వంతులు. యంగ్ గుణకాలు (లోహం ఎంత బిరుసో చెప్పేవి) 200, 70 గిగాపాస్కల్. అడ్డు లేకపోతే సాగేది 0.18 + 0.345 = 0.525 మి.మీ. దాన్ని వెనక్కి నొక్కాలంటే 57.6 కిలోన్యూటన్లు కావాలి. అంటే స్టీలులో 144, అల్యూమినియంలో 72 మెగాపాస్కల్, రెండూ సంపీడనమే, అంటే నొక్కుడే.

చాలామంది నమ్మని సంగతి ఇంకోటుంది: వేడెక్కినా స్టీలు ముక్క 0.036 మి.మీ. పొట్టిదవుతుంది, అతుకు స్టీలు వైపే జరుగుతుంది. గోడ 0.1 మి.మీ. లొంగితే ఆ 0.1ని ముందే 0.525లోంచి తీసేయాలి, బలం 46.7 కిలోన్యూటన్లకి దిగుతుంది.