మ.రా.రా.శ్రీ అడ్జస్ట్ గారికి

మొన్న మధ్యాహ్నం రెండున్నరకి సింగరాయకొండ స్టేషన్ దగ్గర ఎక్కిన షేర్ ఆటోలో, డ్రైవరు వెనక అడ్డంగా వేసిన చెక్క మీద నాలుగోవాడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ నా ఎడమ తొడ తప్ప అందరం క్షేమం. అది ఇంకా నిద్ర లేవలేదు.

ముందుగా తమరికి అభినందనలు. ముగ్గురికి పర్మిట్ ఉన్న బండిలో పదకొండు మందిమి కూర్చున్నాం. లెక్కపెట్టాను. ఆ ఇరుకులో కళ్ళు తప్ప ఇంకేమీ కదిలే వీల్లేదు మరి. డ్రైవరుకి అటొకరు, ఇటొకరు. అతను సగం సీటు మీద, సగం గాల్లో. అయినా బండి కదల్లేదు. "ఇంకొక్కరు వస్తే పోదాం అన్నా, కాస్త అడ్జస్ట్ అవ్వండి" అన్నాడు. ఆ ఒక్కరి కోసం నలభై నిమిషాలు. నా ఎదురుగా ఉన్న పెద్దమ్మ ఒళ్ళో ఉలవపాడు మామిడిపండ్ల బుట్ట. మొదట బుట్ట అంచు నా మోకాలికి గుచ్చుకుంది, తర్వాత నా మోకాలే బుట్టలోకి పోయింది. పన్నెండో మనిషి ఎక్కేసరికి ఆవిడకి ఓపిక చచ్చింది.

"ఎంతమందిని కుక్కుతావు అబ్బయా?"

అతను అద్దంలోంచి నవ్వాడు. "కుక్కడం ఏంది పెద్దమ్మా, అడ్జస్ట్ చేస్తన్నా."

తమరి అసలు రూపం నాకక్కడ కనిపించింది సార్.

కుక్కడం అంటే కుక్కేవాడొకడు ఉండాలి. ఇరికించడం అంటే ఇరికించినవాడు ఉండాలి. ఆ మాట నోట్లోంచి రాగానే వేలు డ్రైవరు వైపు తిరుగుతుంది. తమరు రంగంలోకి దిగగానే అదే వేలు నా వైపు తిరుగుతుంది. అవ్వాల్సింది నేను. అవ్వకపోతే మొండివాణ్ణి నేను. బండి ఆలస్యమైతే అదీ నా వల్లే. టికెట్టు డబ్బులు మాత్రం అతనికి.

మీ ఇంగ్లీషు చుట్టాలు ఇంత గడుసు కాదు. క్రామ్ ఉంది, పట్టేదానికన్నా ఎక్కువ నింపానని దాచకుండా ఒప్పుకుంటుంది. వెడ్జ్ అంటే చీల. రెండింటి మధ్య దిగ్గొట్టాక ఇక ఊడి రాదని చెప్పకనే చెబుతుంది. షూహార్న్ అయితే మరీ నిజాయితీపరురాలు, పట్టని బూటులోకి మడమను జార్చడానికి ఒకప్పుడు కొమ్ముతో చేసిన బద్ద అది. పట్టదు, అయినా తోస్తున్నా అని పేరులోనే ఉంది. తమరేమో ఆ ఊళ్ళో కుర్చీ ఎత్తు, కళ్ళద్దాల ఫ్రేము, గడియారం ముల్లు సరిచేసుకుంటూ బతికిన పెద్దమనిషి. మా ఆటో ఎక్కాకే ఈ అవతారం. అయినా తమరి వంశంలో ఆ గుణం ఉన్నట్టుంది. ఫ్రెంచి దాటి వెనక్కి పోతే లాటిన్‌లో జుక్‌స్టా దగ్గర తేలతారు, అంటే 'దగ్గరగా' అని. ఎంత దగ్గరగానో ఆ పన్నెండో మనిషి మోచేయి నాకు చెప్పింది.

మాకు మాటలు లేక మిమ్మల్ని పిలిచామా? వంకాయలో కారం కూరతాం. దిండులో దూది కుక్కుతాం. జడలో పూలు తురుముతాం, నడుముకి కొంగు దోపుతాం, సందులో తల దూరుస్తాం. తుపాకిలో మందు దట్టిస్తాం. దేనికది. కూరడానికీ కుక్కడానికీ తేడా తెలియకుండా గుత్తి వంకాయ చేసి చూడండి, కాయ చీలి కారమంతా నూనెలో తేలుతుంది. ఇన్ని మాటల్నీ అటకెక్కించి, తమరొక్కరినే సీట్లో కూర్చోబెట్టుకున్నాం. మిగతావన్నీ నిలబడే ఉన్నాయి.

ఆటోతో ఆగినా బాగుండేది. పెళ్ళిచూపులయ్యాక "అమ్మాయే కొంచెం అడ్జస్ట్ కావాలి" అంటారు. అబ్బాయికి ఆ సిలబస్ లేదు. జీతం రెండు నెలలు ఆగితే అడ్జస్ట్. కల్యాణమండపంలో మూడో బంతికి పప్పు అయిపోతే సాంబారుతో అడ్జస్ట్. మా ఆటో పోయే కందుకూరునే చూడండి, 1970లో నెల్లూరు, గుంటూరు, కర్నూలు ముక్కలు కలిపి కొత్త జిల్లా కుట్టినప్పుడు నెల్లూరు నుంచి అటు జరిపారు, 2022లో మళ్ళీ నెల్లూరు వైపు జరిపారు. ఊరు ఉన్నచోటే ఉంది పాపం. కాగితాలు పట్టుకుని ఏ ఊరికి పోవాలో తెలియక అడ్జస్ట్ అయింది జనం.

ఆ కాగితాల పని మీదే నేనూ వచ్చింది. ఆటో కందుకూరు చేరేసరికి నాలుగూ పది. కౌంటరు నాలుగింటికే మూశారు. లోపల టీ తాగుతున్న ఆయన గ్లాసు దించకుండానే అన్నాడు, "రేపు రండి సార్, కొంచెం అడ్జస్ట్ అవ్వండి."

అవ్వను. ఏం చేసుకుంటారో చేసుకోండి. పని చెయ్యనని చెప్పు, కౌంటరు తెరవనని చెప్పు, ఇంకో నలుగుర్ని కుక్కి నాలుగు రూపాయలు సంపాదించుకుంటానని చెప్పు, విని ఊరుకుంటా. చేసేదంతా నువ్వు చేసి, ఆ క్రియ నా నెత్తిన పెట్టకు.

క్షమించాలి, ఏకవచనంలోకి దిగాను. తమరే అడ్జస్ట్ అవ్వండి.

ఇంకొక్క సంగతి. ప్యాంటు మోకాలి మీద మామిడి రసం మరక సబ్బుకి లొంగలేదు. పెద్దమ్మ బస్టాండు దగ్గర దిగుతూ చితికిన పండొకటి ఏరి నా చేతిలో పెట్టింది. "నీ మోకాలు చేసిన పనే గదా నాయనా, నువ్వే తిను." మూసిన కౌంటరు మెట్ల మీద కూర్చుని, మోచేతుల దాకా కార్చుకుంటూ తిన్నాను. తియ్యగా ఉంది. అందులో తమరి ప్రమేయం ఏమీ లేదని గమనించగలరు.

ఇట్లు,
చెక్క మీద నాలుగోవాడు