అంబాసిడర్‌కు మూడో గుండు

మొక్కు ఉంటే తలనీలాలు ఇస్తాం. సింహాచలమో తిరుపతో వెళ్లి గుండు కొట్టించుకుని వస్తాం. నాలుగు నెలల్లో జుట్టు మళ్లీ మొలుస్తుంది కాబట్టి దేవుడికీ నష్టం లేదు, మనకీ లేదు. ఆ ధైర్యంతోనే కాబోలు, విజయనగరంలో పాత కార్ల పెద్దలు ఇంజిన్ ఒకసారి ఉడికిందంటే చాలు, సిలిండర్ల మీద మూతలా కూర్చునే దాని హెడ్డుకు కూడా గుండు కొట్టించేస్తున్నారు. ఆ పుణ్యకార్యానికి, అంటే హెడ్డు అడుగున ఒక పొర చెక్కి చదును చేయించడానికి, వాళ్లు పెట్టుకున్న పేరు ఫేసింగ్. "ఏటుంది బావూ, హెడ్డు ఇప్పి ఓ ఫేసింగ్ కొట్టించేస్తే అయిపోద్ది" అనే మంత్రం మూడు లాంతర్ల దగ్గర టీ తాగే ప్రతివాడికీ కంఠతా వచ్చు. పోత ఇనుముకు జుట్టు మొలవదన్న సంగతే ఇంకా ఎవరి చెవినా పడినట్టు లేదు.

మా మేనమామ అంబాసిడర్‌కు గత వారం మూడో గుండు అయింది. సాలూరు ఘాట్ ఎక్కుతుండగా ఉడికిపోయింది. రేడియేటర్లో బుడగలు, సైలెన్సర్లోంచి తెల్ల పొగ, డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ మీద మీగడ. హెడ్డుకూ కింది బ్లాకుకూ మధ్య నీళ్లూ ఆయిలూ కలవకుండా అడ్డుండే హెడ్ గాస్కెట్ పోయిందని చెప్పడానికి జ్యోతిష్కుడు అక్కర్లేదు. ఎందుకు పోయిందో చెప్పాలంటే మాత్రం కొలవాలి. కొలవడం మా వంశంలో లేదు.

అందుకని సభ పెట్టారు. షెడ్డు ముందు బల్ల మీద మామయ్య అంబాసిడర్ హెడ్డు, పక్కనే ఎవరిదో ఫియట్ హెడ్డు. చుట్టూ ఎనిమిది మంది, మధ్యలో మిరపకాయ బజ్జీలు. ముందుగా ఒక రిటైర్డ్ మేస్టారు లేచి, సంతలో పనసకాయ బేరం చేసేవాడిలా అంబాసిడర్ హెడ్డును వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి, కళ్లు మూసుకున్నారు. సభ ఊపిరి బిగబట్టింది. "ఖంగుమంది. పగులు లేదు" అన్నారు. తీర్పు అయిపోయింది. రెండో ఆయన ఫియట్ హెడ్డును ఒంటి చేత్తో పైకెత్తి, "ఇదేటి, సత్తు గిన్నెలాగుంది? దీన్లో పులుసు కాసుకోవచ్చు" అన్నాడు. ఫియట్ వర్గం లేచి నిలబడింది. మూడో ఆయన రెండు హెడ్ల మీదా బొటనవేలు రాసి, దాన్ని ఎండకు పట్టి చూసి, అంబాసిడర్ది కొంచెం వంగిందన్నాడు. ఎంత అని అడిగాను. "కొంచెం" అన్నాడు. నాలుగో ఆయన ఫొటో తీసి విశాఖలో ఉన్న బావమరిదికి పంపాడు. బావమరిది బ్యాంకులో పని చేస్తాడు. ఫేసింగ్ కొట్టించమని అయిదు నిమిషాల్లో జవాబు వచ్చింది.

రెండింటినీ పోల్చాలనుకుంటే పోల్చడానికి సరుకు బోలెడుంది. అంబాసిడర్ 1489 సీసీ ఇంజిన్ బ్రిటిష్ వాళ్ల బి సిరీస్. హెడ్డు పోత ఇనుము. నాలుగు సిలిండర్లకు గాలి వెళ్లే పోర్టులు రెండే, పొగ బయటికొచ్చేవి మూడు. నడుమ పోర్టును 2, 3 సిలిండర్లు పంచుకుంటాయి. రెండు ఎగ్జాస్ట్ వాల్వులు పక్కపక్కనే కాలుతుంటాయి కాబట్టి పగులు కోసం ముందు వెతకాల్సింది అక్కడ, మేస్టారి చెవిలో కాదు. ఆయన వెక్కిరించిన సత్తు గిన్నె 1089 సీసీ ఫియట్‌ది, అల్యూమినియం. వేడికి అది ఇనుముకు రెండింతలు సాగుతుంది. కింద బ్లాకేమో ఇనుము. ఒకటి సాగుతానంటుంది, ఇంకొకటి సాగనంటుంది, నలిగేది మధ్యలో గాస్కెట్. కానీ మెత్తటి అల్యూమినియం కాబట్టి వాల్వు మూసుకున్నప్పుడు ఆనే సీట్లు గట్టి లోహంతో విడిగా చేసి బిగించారు. అంబాసిడర్‌కు సీటును ఇనుములోనే కోశారు. సీసం కలిసిన పెట్రోలు ఉన్నన్నాళ్లూ ఆ సీసమే సీటును కాపాడింది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. అప్పటి నుంచి గట్టి సీట్లు వేయించని పాత హెడ్లలో వాల్వు సీట్లోకి దిగబడిపోతూ వస్తోంది. దీని గురించి సభలో ఒక్క ముక్క రాలేదు. బజ్జీలు రెండో వాయి వచ్చాయి.

వంపు చూడటానికి కావలసింది ఒక స్ట్రెయిట్ ఎడ్జ్, ఒక ఫీలర్ గేజ్. హెడ్డు మీద నిలువునా, అడ్డంగా, మూల నుంచి మూలకు పెట్టి, కింద సందులో రేకు దూర్చి చూడాలి. రెండు థౌ దాటితే, అంటే అంగుళంలో వెయ్యో వంతులు రెండు, మిల్లీమీటర్లలో ఇరవయ్యో వంతు దాటితే, ఆలోచించాలి. తలవెంట్రుక మందం. గుండు కొట్టించే ముందు ఆ వెంట్రుక ఉందో లేదో చూడమనే నా మొర. ప్రతి ఫేసింగ్‌కూ హెడ్డు పలచబడుతుంది, కంప్రెషన్ పెరుగుతుంది, ఎత్తు ఎక్కితే ఇంజిన్ టకటకలాడే నాకింగ్ మొదలవుతుంది. అప్పుడు పెట్రోలు బంకు వాడు కల్తీ చేశాడని తిడతాం.

ఆ రెండు పనిముట్లూ మా ఊళ్లో లేక కాదు. ఒక లేత్ షాపు ముసలాయన దగ్గర నూనె గుడ్డలో చుట్టి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు దాచి ఉన్నాయి. హెడ్డు కొలుస్తాడు, నీటిదారులు మూసి గాలి ఎక్కించి వేణ్ణీళ్లలో ముంచి బుడగలు చూస్తాడు, వాల్వులు ఒక్కొక్కటీ పేస్టు పెట్టి అరచేతుల మధ్య తిప్పి అరగదీస్తాడు. పూట పని. 1,200 అడిగాడు. మామయ్య 500 అన్నాడు. కారుకు రంగు వేయించడానికి 90 వేలు కిక్కురుమనకుండా ఇచ్చిన మనిషి! సీట్లకు ఎర్ర ముఖమల్, ముందు బంపర్‌కు మెరుగు, పెళ్లిళ్లలో అందరూ దాని పక్కన నిలబడి ఫొటోలు. ఆ ముసలాయన చేతుల దగ్గరకొచ్చేసరికి బేరం. "కొలతలొద్దులే, పైన ఓ పొర లాగేయ్" అని 500 పడేసి వచ్చాడు. పొర లాగాడు పాపం, ఏం చేస్తాడు? రేపు గాస్కెట్ మళ్లీ పోతే ఊరంతా తిరిగి ఆయన పని తెలియనివాడని చెప్పేదీ ఈ నోరే. సిగ్గు లేదు మనకి. నలభై ఏళ్లు ఇనుముతో బతికిన మనిషిని బజ్జీలు తినే వేళ్లతో తప్పు పడతాం.

బిగించే రోజు నేనూ వెళ్లాను. హెడ్డు నట్లు నడుమ నుంచి చివరలకు, దఫదఫాలుగా, ఎంత బలంతో తిప్పుతున్నామో చూపే టార్క్ రెంచితో బిగించాలి. షెడ్డులో టార్క్ రెంచి ఉంది. దసరాకు పెట్టిన పసుపు, కుంకుమ దాని మీద చెక్కు చెదరలేదు. కుర్రాడు మామూలు పానాకు రెండు మూరల పైపు తొడిగి, ఒక చివర నుంచి మొదలెట్టి, "హమ్మ" అనే దాకా లాగాడు. ఎంత టార్క్ అన్నాను. "హమ్మ" అన్నాడు.

నిన్న సాయంత్రం మామయ్య ఫోన్ చేశాడు. వెనక లారీ హారన్లు వినబడుతున్నాయి. "ఏం లేదురా, ఘాట్ మొదట్లోనే ఉన్నాను. రెండు క్యాన్ల నీళ్లు పట్టుకుని రా. వచ్చేటప్పుడు మేస్టార్ని కూడా ఎక్కించుకో."